ట్రస్టుకి ఒక మనిషి తక్కువ

కళ్లజోళ్ల మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. వకీలు వచ్చేలోగా ట్రస్టుకి మూడో ధర్మకర్తను దొరకబుచ్చుకోవాలి. అద్దాలు కొనుక్కోలేనివాళ్లకి ఉచితంగా చేసిపెట్టడానికి ఆయన తన దుకాణాన్నే ట్రస్టుకి రాసేస్తున్నాడు. తనూ, వకీలూ ఇద్దరు. భార్యకి సంతకమంటే జైలే గుర్తొస్తుంది. బావమరిదేమో "నన్ను ఇరికించకు బావా" అని తప్పించుకు తిరుగుతున్నాడు. మూడోవాడు లేకపోతే ట్రస్టు లేదు.

ఇంతలో వకీలు ఫోన్ చేశాడు. కాఫీ తెస్తున్న భార్య చెవిన మాస్టారు అంటున్న రెండు ముక్కలు పడ్డాయి. "నేను పోయినా ఇది ఆగకూడదు. ఇంక నాదంటూ ఏమీ లేదు."

ఆవిడ కాఫీ అక్కడే పెట్టేసింది. 'అందుకా ఈ ట్రస్టు? డాక్టరేదో చెప్పుంటాడు, నా దగ్గర దాచారు.' వంటింట్లోకెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావ పోయాక సంగతులు మాట్లాడుతున్నార్రా."

"పోయాకా? నేనొస్తున్నా, నువ్వు ఏడవకు" అన్నాడు ఏడుస్తూ.

అతను అంబులెన్స్‌లోనే దిగాడు. మాస్టారు ఒక కళ్లజోడు బిగిస్తూ, అలవాటు ప్రకారం చిన్న స్క్రూలన్నీ పెదాల మధ్య పట్టుకుని ఉన్నాడు.

"బావా, నొప్పెక్కడ?"

మాస్టారు నోరు చూపించి "ఊఁ ఊఁ" అన్నాడు.

"అక్కా, మాట పడిపోయింది."

అంబులెన్స్ మనుషులిద్దరు మాస్టారిని కుర్చీతో సహా లేపారు. బావమరిది ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "నువ్వేం చెప్పినా చేస్తా బావా. ట్రస్టులో ఉండమన్నా ఉంటా. ఒక్క మాట మాట్లాడు."

మాస్టారు స్క్రూలు అరచేతిలోకి ఊశాడు. "అయితే కూర్చో. వకీలు వచ్చేస్తున్నాడు."

"మరి ఫోన్లో పోతానన్నారుగా?" అంది భార్య.

"ట్రస్టంటే అంతేనే. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోలేడు. చూసుకునేవాళ్లు సొంతం చేసుకోలేరు. మేమంతా పోయినా అవసరమైనవాళ్లకి అందుతూ ఉండాలి."

"అంటే ఈ కుర్చీ కూడా మీది కాదా?"

"కాదు."

"మరి దిగండి, విరుగుతుంది."

వకీలు వచ్చాడు, బావమరిది మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఊరికే నిలబడలేక అంబులెన్స్ డ్రైవరు గోడమీది చూపు పరీక్ష అక్షరాలు చదవబోయి మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు.

"బండెలా నడుపుతున్నావయ్యా?" అన్నాడు మాస్టారు.

"అలవాటైన దారేగదండీ."

ట్రస్టు మొదటి కళ్లజోడు అతనికే రాశారు. బావమరిది ఇంటికి నడిచి వెళ్లాడు.