పార్టు లేని నొప్పి

భాస్కరం గారి పాత నల్ల కారు ఇంజన్‌కు ఏ జబ్బు చేసినా అది ఆయన భార్య మంగతాయారు ఒంట్లోనే బయటపడేది. పాత కార్లున్న ఇళ్ళన్నిటిలోనూ ఇదే వరస కాబట్టి తాటిమెరకలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు.

రేడియేటర్‌లో నీళ్ళు తగ్గితే ఆమె నుదురు పెనంలా కాలేది. ప్లగ్గులు మసిబారితే దగ్గులో నల్లటి పొగ వచ్చేది. కార్బురేటర్‌లో చెత్త అడ్డుపడితే మాట మధ్యలో ఆగి, గుటక వేసి, మళ్ళీ అందుకునేది. బ్యాటరీ దిగిపోయిన పొద్దున మంచం మీంచి లేవలేకపోయేది. అత్తగారు రత్తమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఒరే భాస్కరం, బ్యాటరీ సంగతి చూడరా, కాఫీ లేటయిపోతోంది" అనేది. ఛార్జింగ్ ఎక్కగానే మంగతాయారు లేచి పొయ్యి వెలిగించేది.

మందు బిళ్ళ మింగిన గుర్తే ఆమెకు లేదు. జ్వరమని వచ్చిన ఇల్లాళ్ళను ఊళ్ళో డాక్టరు గారు నాడి చూడకముందే బండి నంబరు అడిగేవారు. నంబరు చెప్పగానే మెకానిక్ పేరున చీటీ రాసిచ్చేవారు.

మెకానిక్ కరీముల్లా మర్యాదస్తుడు. ఇంజన్ చప్పుడు వినడానికి అందరిలాగే పొడుగాటి స్క్రూడ్రైవర్ వాడేవాడు. దాని మొన మంగతాయారు భుజం ఎముకకు ఆనించి, పిడికి తన చెవి ఆనించి, "గట్టిగా ఊపిరి తీసుకోండమ్మా" అనేవాడు. తరవాత బానెట్ ఎత్తి సరిగ్గా ఆ చోటే విప్పేవాడు. అక్కడ బాగైతే ఇక్కడా బాగయ్యేది.

మాఘమాసంలో ఆమెకు ఎడమ పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. కరీముల్లా విన్నాడు. ప్లగ్గులు మార్చాడు, వాల్వులు సరిచేశాడు, చివరికి ఇంజన్ మొత్తం దింపి, కడిగి, మళ్ళీ ఎక్కించాడు. కారు కొత్తదానిలా నడిచింది. నొప్పి మాత్రం ఎక్కువైంది.

"ఈ నొప్పికి బండిలో పార్టు లేదండి" అన్నాడు భాస్కరంతో, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"పార్టు లేకుండా నొప్పెలా వస్తుందయ్యా?"

"అదే నాకూ తెలవట్లేదండి."

"నాదేమోనండీ" అంది మంగతాయారు మెల్లగా.

ఇద్దరూ ఆమె వంక చూశారు. "నీదంటే?" అన్నాడు భాస్కరం.

"నొప్పి. బండిది కాకుండా... నాదేమో."

అరుగు మీద కూర్చున్న రత్తమ్మ పకపకా నవ్వింది. "చోద్యం కాకపోతే, నీకెందుకొస్తాదే? ఏళ్ళ తరబడి ఆ బండి దగ్గు నేనూ దగ్గాను. నాదని ఒక్కనాడన్నా అన్నానా?"

మర్నాడు మంగతాయారు ఒక్కతే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. మెకానిక్ ఏమన్నాడని ఆయన అడిగారు. పార్టు లేదన్నాడని చెప్పింది. "మరి నన్నేం రాయమంటావమ్మా?" అని ఆయన కలం జేబులో పెట్టుకున్నారు.

అదే వారంలో కారుకు ఫిట్‌నెస్ తనిఖీ వచ్చింది. రవాణా ఆఫీసు ఆవరణలో కార్లు ఒక వరసలో, ఇల్లాళ్ళు ఒక వరసలో నిలబడ్డారు. ఇనస్పెక్టరు ఆమెను దగ్గమన్నాడు. పొగ రాలేదు. చెయ్యి పట్టి చూశాడు, వేడి లేదు. ఆమె ఎడమ పక్క చూపించింది.

"పార్టు పేరు చెప్పమ్మా."

"తెలీదండి."

"పేరు లేనిది లోపం కిందకి రాదు" అని ఆయన ముద్ర కొట్టాడు.

వెనక నిలబడ్డ పెద్దావిడ ఆమె చెయ్యి తాకింది. "నాకూ అక్కడేనమ్మా."

"మీ బండి ఏదండీ?"

"అమ్మేసి చాన్నాళ్ళయింది. ఇంకెక్కడికెళ్ళాలో తెలీక ఇక్కడే నిలబడతన్నాను."

పెద్దావిడ వంతు రాగానే ఇనస్పెక్టరు ఆమెను దాటి తరవాతి ఆవిడను పిలిచాడు. పెద్దావిడ మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడింది.

తిరిగి వస్తూ భాస్కరం వంతెన ఎత్తు మీద కావాలనే వేగం పెంచాడు. ఇంజన్ ఎక్కడా మొరాయించలేదు. ఇంటి ముందు ఆపి, సంతోషంగా భార్య వైపు తిరిగాడు.

"ఎలా ఉంది మన బండి?"

మంగతాయారు కళ్ళు మూసుకుని తన ఒంట్లోకి చెవి పెట్టి విన్నది. దగ్గు లేదు, వేడి లేదు, వణుకు లేదు.

"బాగుందండి" అంది. అది నిజమే. నొప్పి కాస్త సద్దుమణిగేదాకా సీట్లోనే ఆగి, దిగి, వంటింట్లోకి వెళ్ళింది.