బిస్కెట్టు పొడిలో శనక్కాయ

ఆ సోమవారం ఓబుళేశు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పదకొండుకల్లా సీసాలోని పొడిని పరీక్ష చేయించడం, పన్నెండుకు అంకె పంపించేయడం, ఒంటిగంటకు భోంచేయడం, ఆ తర్వాత కర్నూలు ఎండకు భయపడి కాసేపు కళ్ళు మూసుకోవడం. ఈ నాలుగింట్లో ఆఖరిదాంట్లో ఆయనకు మంచి అనుభవం ఉంది.

సీసా పంపింది యజమానురాలు రామలక్ష్మమ్మ. ఆమెకు కర్నూల్లో ఒకటి, కడపలో ఒకటి ఆహార పరీక్షా కేంద్రాలున్నాయి. కర్నూలు కేంద్రానికి ఓబుళేశు పెద్ద, కడపకు వసంతకుమార్. రెండుచోట్లా ఒకే రకం మాస్ స్పెక్ట్రోమీటర్. అది ప్రోటీన్ ముక్కల్ని ఒక్కొక్కటిగా తూచి, ఏ తిండిలో ఏ గింజ ఎంత కలిసిందో మిల్లీగ్రాములతో సహా చెప్పేస్తుంది. అలాంటివాటిని రెండింటిని మేపడం ఇక తన వల్ల కాదని ఆమె తేల్చేసింది. ఒకే బిస్కెట్టు పొడిని రెండు సీసాల్లో పోసి రెండు ఊళ్ళకూ పంపింది.

"దీంట్లో శనక్కాయ ప్రోటీన్ ఎంతుండాదో సాయంత్రం నాలుగ్గంటల్లోపల చెప్పండి. ఎవరి అంకె సరైందో వాళ్ళ కేంద్రం ఉంటాది. రెండోది మూసేస్తా. దాని పెద్ద పోయి గెలిచినోని కింద పనిచేసుకుంటాడు" అంది.

అంటే, ఓడితే వసంతకుమార్‌ను "సార్" అని పిలవాలి. కాలేజీలో తన రికార్డు పుస్తకం చూసి మక్కీకి మక్కీ దించుకున్న వసంతకుమార్‌ను!

పదకొండింటికి తనూజ వచ్చి నిలబడింది. కేంద్రంలో పరీక్షలు చేసేది ఆ అమ్మాయే. సంతకాలు పెట్టేది ఓబుళేశు.

"సున్నా వచ్చినాది సార్."

"ఏం సున్నా?"

"శనక్కాయ లేదు సార్ దీంట్లో. మూడుసార్లు నడిపినా. మూడుసార్లూ సున్నానే."

ఓబుళేశు జాలిగా నవ్వాడు. "తల్లీ, నువ్వు యాడ పుట్టినావు? ఈ సీమలో శనక్కాయ లేని తిండి యాడన్నా ఉంటాదా? చట్నీలో శనక్కాయ, వంకాయ కూరలో శనక్కాయ, బొరుగుల ఉగ్గాని మీద శనక్కాయ. సున్నా రాయించుకునేదానికి ఆమె పనిగట్టుకుని సీసా పంపుతాదా? మిషన్‌కు ఏమో అయినాది."

"మిషన్ బాగుండాది సార్. పొద్దున్నే సరిచూసినా."

"దిష్టి సార్ అది" అన్నాడు అటెండరు నరసన్న, తలుపు దగ్గరి నుంచి. ఆయనది ఆలూరు పక్క పల్లె. "పోయిన వారం సూసేదానికి వచ్చినోళ్ళంతా దాన్ని ఎట్ల సూసినారు! నిమ్మకాయ తిప్పితే సరిపోతాది."

ఓబుళేశు మండిపడ్డాడు. చదువుకున్నవాళ్ళు చేసే పనేనా అన్నాడు, సైన్సు ఏమైపోవాలన్నాడు. రెండు నిమిషాలు ఇటూ అటూ తిరిగి, "పెద్ద కాయ తీసుకురా. తిప్పేదేదో మూడుసార్లు తిప్పు" అన్నాడు.

నిమ్మకాయ తిరిగింది. నాలుగోసారి నడిపినా సున్నా మాత్రం కదల్లేదు. ఆ దిగులుకు ఓబుళేశుకు ఆకలి వేసింది. ఒంటిగంట భోజనాన్ని పన్నెండుకే దింపాడు. బయట ఎండ పెనం మీద నిలబెట్టినట్టుంది. ఊరంతటికీ చల్లటి చోటు యంత్రం గదే. "ఈ గదిలో తిండి నిషేధం" అని తన సంతకంతోనే ఉన్న బోర్డు కింద కూర్చుని డబ్బా విప్పాడు. జొన్నరొట్టెలు, వాటిమీదికి వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు దంచిన ఊరిబిండి. అయిదు వేళ్ళతో తృప్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుందామంటే కుళాయి బుస్సుమని గాలి వదిలింది. పంపు పాడైందన్నాడు నరసన్న. ఓబుళేశు చెయ్యి తెల్లకోటుకు తుడుచుకుని లేచాడు.

"నీకింకా చెయ్యి తిరగలేదమ్మా. జరుగు, నేను చేస్తా. చూసి నేర్చుకో."

"గ్లవుజులు సార్..."

"నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు గ్లవుజులు యాడుండె?"

మూడింటికి యంత్రం అంకె చెప్పింది. కిలోకు పద్దెనిమిది మిల్లీగ్రాములు. ఓబుళేశు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. నరసన్న నిమ్మకాయ వంక గర్వంగా చూశాడు.

తనూజ మాత్రం కదల్లేదు. "సార్, మీరు వాడిన గిన్నెల్లోనే ఉత్త నీళ్ళు పోసి ఒకసారి నడిపిస్తా. నీళ్ళకు సున్నా వస్తేనే ఈ అంకె నిజం."

"నీళ్ళల్లో శనక్కాయ ఉంటాదా? నవ్విపోతారమ్మా ఎవరన్నా వింటే!"

అయినా మనసు ఊరుకోలేదు. కడపకు ఫోన్ చేశాడు.

"ఏం వసంతూ, మీకెంత వచ్చినాది?"

"పెద్దోనివి, ముందు నువ్వు చెప్పున్నా."

"మాకు పద్దెనిమిది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అట్లనా! మాకు పందొమ్మిదన్నా."

ఓబుళేశు ప్రాణం లేచి వచ్చింది. ఎక్కడి కర్నూలు, ఎక్కడి కడప! రెండు యంత్రాలు ఒక్క మిల్లీగ్రాము తేడాతో ఏకమయ్యాయంటే ఇక అనుమానమేముంది? కాకపోతే ఆ ఒక్కటి ఎటు మొగ్గుతుందో తెలియదు. ఆలోచించి, ఎటు మొగ్గినా తనకు నష్టం లేకుండా పద్దెనిమిదిన్నర అని రాసి పంపేశాడు.

అరగంట తర్వాత తనూజ ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. వద్దన్నా నడిపించేసింది. ఉత్త నీళ్ళు. పదిహేడు మిల్లీగ్రాములు.

ఓబుళేశు కాగితం చూశాడు. చెయ్యి చూసుకున్నాడు. మెల్లగా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఊరిబిండి ఘుమఘుమలాడింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. మళ్ళీ కడపకు ఫోన్ కలిపాడు.

"వసంతూ, నిజం చెప్పు. మీకు పందొమ్మిది వచ్చిందా?"

"లేదన్నా" అన్నాడు వసంతకుమార్ నీళ్ళు నములుతూ. "ఈడ పరీక్షలు చేసే శివజ్యోతి పొద్దున్నుంచీ సున్నా సున్నా అంటానే ఉండాది. నువ్వు పద్దెనిమిదంటివి. నువ్వు చెప్తే తప్పుండదని ఒకటి ఎక్కువేసి చెప్పినా. మళ్ళ ఎందుకైనా మంచిదని పద్దెనిమిదిన్నర పంపినా."

"ఒరే దుర్మార్గుడా, కాలేజీ బుద్ధి యాడికి పోతాది!" అని ఓబుళేశు అరుస్తుండగానే రామలక్ష్మమ్మ ఫోన్ వచ్చింది. ఇద్దరినీ ఒకే లైన్లోకి తీసుకుంది.

"ఇద్దరూ పద్దెనిమిదిన్నరే రాసినారు. చుక్క తేడా లేదు. శానా సంతోషం" అంది ఆమె. ఓబుళేశు ఊపిరి పీల్చుకున్నాడు. "అది నా మనవడు తినే సగ్గుబియ్యం బిస్కెట్టప్పా. వానికి శనక్కాయ పడదు. పోయినేడు ఎవరో ఒక్క చిక్కీ ముక్క పెడితే గొంతు మూసుకపోయి, ఆస్పత్రిలో మూడు దినాలుండినాడు. అందుకే ఆ బిస్కెట్లు నా చేతుల్తో నేనే చేస్తా, శనక్కాయ పొట్టు గూడ తగలనీయను. మీ అంకె నమ్మింటే వాని నోటికాడిది లాక్కుందును. రేపు ఇంకొకరి బిడ్డ తినేదానికి మీరు అంకె రాస్తే, ఆ తల్లి ఏం గావాల?"

ఓబుళేశుకు నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. "తప్పయిపోయినాదమ్మా" అన్నాడు చివరికి.

"మిషన్ తీసిన ప్రతి అంకె నా ఫోన్‌కు గూడ వస్తాది, తెలీదా? కర్నూల్లో నాలుగు సున్నాలు, ఆఖర్న ఉత్త నీళ్ళకు పదిహేడు. కడపలో అన్నీ సున్నాలే. రెండు మిషన్లూ బంగారంగా ఉండాయి. ఒకటి అమ్మేద్దామనుకున్నా గాని, ఇంక అమ్మను. ఈడ తనూజ, ఆడ శివజ్యోతి చూసుకుంటారు. మీ ఇద్దరికీ వేరే పని చెప్తా."

మరుసటి నెల ఓబుళేశు, వసంతకుమార్ డోన్‌లోని ఆమె పాల కేంద్రంలో చేరారు. ఒకే బల్ల, ఎదురెదురు కుర్చీలు. ఉదయం పాలలో వెన్న శాతం ఓబుళేశు చూస్తాడు, అవే పాలను వసంతకుమార్ మళ్ళీ చూస్తాడు. వాళ్ళ అంకెల్లో ఇంతవరకు ఒక్కరోజు కూడా తేడా రాలేదు.