పదో తరగతి మచ్చ

ఆ పూట జ్ఞానప్రసూనాంబ అనుకున్నదల్లా రైతుబజారుకు వెళ్ళి ఆవకాయకు కాయలు ఏరుకురావడం, అంతే. భర్త భానుమూర్తి గారు సంచీ అందుకుంటుంటే ఎడమ మణికట్టు మీద నల్లటి మచ్చ ఆమె కంటపడింది. వాచీ పట్టీ తెగి మరమ్మతుకిచ్చారు కాబట్టి కనబడింది, లేకపోతే అదీ లేదు. మినపగింజంత ఉంది. అంచులు చెదిరినట్టున్నాయి.

ఆమె సంచీ లాక్కుని కింద పెట్టేసింది. వాళ్ళక్క పాదం మీద ఇలాంటి మచ్చే వస్తే ఇంట్లో అందరూ తర్వాత చూపిద్దాంలే అన్నారు. తర్వాత చూపించడానికి అక్క లేదు.

"ఇది కొత్తది. డాక్టరు దగ్గరికి పదండి."

"పుట్టినప్పట్నించీ ఉంది. వాచీ కింద ఉంటే నీకెలా కనిపిస్తుంది?"

"స్నానానిక్కూడా వాచీ పెట్టుకునే వెళ్తారా?"

ముప్పై నాలుగేళ్ళు ఆఫీసు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి కనుక ఆయన దానికి కాగితంతోనే జవాబిచ్చారు. బీరువాలోంచి పదో తరగతి సర్టిఫికెట్ తీసి, గుర్తింపు చిహ్నాల దగ్గర వేలు పెట్టి చూపించారు. ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చ. కింద హెడ్మాస్టరు సంతకం, స్కూలు ముద్ర.

ముద్ర చూసి నమ్మే రకం కాదు ఆమె. ఉయ్యూరు స్కూల్లో ఆయన పక్కన కూర్చుని చదువుకున్న అబ్రహాముకు ఫోను చేసి, ఆ రోజుల్లో ఈ మచ్చ చూశారా అని అడిగింది. గుర్తులేదన్నాడు అబ్రహాము. పనిలో పనిగా తన సర్టిఫికెట్ కూడా తీసి చూసుకున్నాడు. అందులోనూ ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చే. భార్య శౌరమ్మ అతని చెయ్యి తిప్పి తిప్పి చూసింది. మచ్చ లేదు. వచ్చిన మచ్చకే అక్కడ అంత భయమైతే, పోయిన మచ్చ ఒంట్లో ఎక్కడికి దిగిందోనని ఆవిడ అన్నం మానేసింది.

మర్నాడు తొలి బస్సుకే ఆ దంపతులిద్దరూ విజయవాడలో భానుమూర్తి గారింటికి వచ్చి దిగారు. స్నేహితుడికి తోడు వెళ్ళక తప్పదు గనుక భానుమూర్తి గారూ ఆసుపత్రికి కదిలారు, సర్టిఫికెట్ చంకలో పెట్టుకుని.

చర్మ డాక్టరు సుస్మిత బల్ల మీద రెండు సర్టిఫికెట్లూ పక్కపక్కన పరిచారు. ఒకే మాట, ఒకే చేతిరాత. అబ్రహాము ఆ చేతిరాతను గుర్తుపట్టాడు.

"డ్రిల్లు మాస్టారు రాశాడ్రా ఇవి. బస్సు టైమైందని మొదటోడి చెయ్యి చూసి, అందరికీ అదే రాసేశాడు."

డాక్టరు భానుమూర్తి గారి మచ్చను భూతద్దంతో చూసింది. ఇది ఈమధ్య వచ్చిందేనని, తీసి పరీక్షకు పంపాలని చెప్పింది.

"అది తీసేస్తే నేను నేనేనని ఎవరు నమ్ముతారండీ?"

"నాకు తెలుసు మీరెవరో" అంది జ్ఞానప్రసూనాంబ. "తీసెయ్యండి డాక్టరు గారూ."

పది రోజులకు రిపోర్టు వచ్చింది. మచ్చ చెడ్డదే, కాని ముదరకముందే మొత్తం పోయింది. శౌరమ్మ మాత్రం, ఉన్న మచ్చను తీసేసి లేని మచ్చను వెతకని ఆ డాక్టరును ఇప్పటికీ నమ్మడం లేదు.