పొరపాటగాడు

మహనీయుల జీవితాలు రెండు రకాలు: వాళ్ళు బతికినవి, వాళ్ళకు రాసినవి. మొదటివి వాళ్ళతోపాటే పోతాయి. కనుక సంఘాలు, సభలు పెట్టి కాపాడవలసినవి రెండోవే.

ఈ సత్యం తెలిసిన పెద్దలు విశాఖపట్నంలో 'మహనీయ జీవితాల నమోదు సంఘం' పెట్టుకున్నారు. 1984 డిసెంబరు మొదటి వారంలో ఆ సంఘం అధ్యక్షులు విజయరత్నం గారు, తాత్కాలిక జీవితచరిత్రకారుడు కామరాజుకు ఫోన్ చేశారు.

"పాప్ పాటగాడి జీవితం ఒకటి రాయాలయ్యా. నెలాఖరుకి అచ్చయిపోవాలి."

సరిగ్గా 'పాప్' దగ్గర రేవులో ఏదో ఓడ కూత వేసింది.

"పాపమాండీ?" అన్నాడు కామరాజు.

"అవునయ్యా, పాపే!"

"అయ్యో," అన్నాడు కామరాజు మనస్ఫూర్తిగా. ఎవరో దిక్కులేని పాటగాడు, పాపం. ఫోన్ పెట్టేశాక కాగితం మీద అలాగే రాసుకున్నాడు: 'పాపం, పాటగాడు.'

కామరాజుది కోనసీమ. నాలుగేళ్ళ కిందట ఉద్యోగం కోసం వచ్చి, ఓ కంట్రాక్టరు దగ్గర ఇనుప ఖనిజం గుట్టల పక్కన వ్యాగన్లకు నంబర్లు వేశాడు. తుమ్మితే ఎర్రగా తుమ్మేవాడు. ఈ పుస్తకం సంఘం ఆమోదం పొందితే జీవితచరిత్రకారుడుగా పర్మినెంటు, లేకపోతే జనవరి ఒకటి నుంచి మళ్ళీ తుమ్ములు. మహనీయుడి జీవితం సంగతి ఎలా ఉన్నా, కామరాజు జీవితం మాత్రం ఈ పుస్తకం మీదే ఉంది.

"ఇక్కడ పాటగాడంటే ఎవరండీ?" అని పూర్ణా మార్కెట్లో అడిగితే, పదిమంది పది వేళ్ళూ ఒక్కడి వైపే చూపించారు. ఎల్లాజీ.

చేపల గంపలు వేలానికి వస్తే వర్తకుల తరఫున పాట పాడేవాడు ఎల్లాజీ. ఆ సంగతి మార్కెట్లో పిల్లులకు కూడా తెలుసు. కామరాజుకు తెలియలేదు. (కోనసీమలో చెరువుల వేలం పాటలు ఎన్నో చూసిన మనిషే. కానీ అప్పుడతని చేతిలో సంఘం ఫారం లేదు.) వెళ్ళి ఒక్క పూట చూస్తే తెలిసేదే. కాని సంఘం నిబంధన పద్నాలుగు ప్రకారం, చరిత్రకారుడు కథానాయకుడి పనిని కళ్ళారా చూడరాదు. చూస్తే నిష్పాక్షికత దెబ్బతింటుంది.

అందుచేత ఎల్లాజీ ఇంటి అరుగు మీద కూర్చుని జీవితచరిత్ర ఫారం తీశాడు.

"పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"మా అయ్య దగ్గర బాబూ. పైపాట పాడ్డంలో ఆయన్ని మించినోడు లేడు."

'తారస్థాయిలో తండ్రిది అందెవేసిన గొంతు,' అని రాశాడు కామరాజు.

"మీకు పోటీ ఎవరైనా?"

"ఎల్లారావని ఒకడున్నాడు. ఆడు ఎంత పాడితే నాను దానికి పైన పాడతాను. ఆకరికి ఆడి నోరు మూతపడిపోద్ది."

"రికార్డులు ఏమైనా ఉన్నాయా?"

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. "పోలీసు టేసన్లో నా మీద ఒక్క రికార్డు లేదు బాబూ! ఎవుడు సెప్పాడు మీకు? ఆ ఎల్లారావేనా?"

"అది కాదండీ, కూర్చోండి. ఫ్యాన్లు ఎంతమంది?"

దీనికి లోపలి నుంచి ఎల్లాజీ భార్య సన్యాసమ్మ జవాబు చెప్పింది. "ఒకటే బాబూ. అదీ సేత్తో తోస్తేగాని తిరగదు."

'అభిమాని ఒక్కరే, ఇల్లాలు,' అని రాసుకుని కామరాజు కళ్ళు ఒత్తుకున్నాడు.

ఇక తొమ్మిదో గడి. గాయకుల ఫారంలో అన్నిటికన్నా బరువైన గడి అదే: పతనం. మూడేళ్ళకు తగ్గకూడదు. తాగుడైతే మేలు. దాని తరవాతది పునరుత్థానం. (గడికి ఆ పేరు పెట్టింది విజయరత్నం గారు. ఆయన చర్చి పెద్ద.)

"మీరు ఎప్పుడు పడ్డారు?"

"పడ్డవేటి?"

"పతనం అండీ. కింద పడటం."

"ఓ... ఓపాలి ఐసుముక్క మీద కాలేసి జారిపడ్డాను. మూడ్రోజులు మంచం మీదే."

"తాగి ఉన్నారా?"

"ఏటి బాబూ, ఏటేటి అడుగుతన్నారు?" సన్యాసమ్మ చీపురుతో సహా గుమ్మంలోకి వచ్చింది. "మా ఆయన టీయే తాగడు! కాయితం ముక్క సేతిలో ఉందని ఏదంటే అది రాసెత్తారేటి?"

కామరాజుకు తుమ్ము వచ్చింది. ఎర్ర తుమ్ము గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే రోజులను ఏళ్ళు చేశాడు, టీని సారా చేశాడు. ఖాళీ ఉన్న చోట్ల పస్తులు పెట్టాడు. గురువు చేత ఒకసారి గెంటించాడు. తల్లి చేత మూడుసార్లు ఏడిపించాడు. (రెండు సార్లు చాలు, మూడోది ముందుజాగ్రత్త.) పడని పాట్లన్నీ పడ్డాక, సంఘంలో ఎవరూ చదవకుండానే పుస్తకం రెండు వేల ప్రతులు అచ్చయింది.

ఆవిష్కరణ నాడు హాలు నిండింది. విజయరత్నం గారు మైకు ముందు గొంతు సవరించుకుని, "మన కథానాయకుడు వేదిక మీదికి రావాలి," అన్నారు.

ఇద్దరు లేచారు.

ఒకరు గోపాలపట్నం సుందర్ రాజ్. బెల్‌బాటమ్, గిటారు. క్లబ్బుల్లో పాప్ పాటలు పాడితే ఓడ దిగిన నావికులు కూడా చిందులేస్తారు. తన జీవితం రాస్తున్నారని ఆయనకు ఎప్పుడో కబురందింది. ఎవరూ వచ్చి ఏమీ అడగలేదేమని ఆయన అనుమానించలేదు. జీవితచరిత్రలు అలాగే రాస్తారని విని ఉన్నాడు.

రెండోవాడు ఎల్లాజీ. గబగబా మెట్లెక్కి, మైకు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"సరుకేది బాబూ? సరుకు సూడకుండా నానెలాగ పాడతాను?"

అప్పుడు బయటపడింది పొరపాటు. ఎల్లాజీ మైకులోనే విడమరిచాడు: "నాను పాడేది సేపల గంపలకి. అవతలోడు పదంటే నాను పదకొండంటాను. నాకొచ్చిన పాట అదే." హాలు గొల్లుమంది.

"నేను చెప్పింది పాప్ కదయ్యా!" అన్నారు విజయరత్నం గారు.

"ఓడ కూసిందండీ. పాపం అని వినబడింది."

"పాపమైతే ఒప్పుకుంటే పోతుంది, కామరాజూ. రెండు వేల ప్రతులు ఒప్పుకుంటే పోతాయా?"

కామరాజు కళ్ళ ముందు ఖనిజం గుట్టలు లేచి నిలబడ్డాయి.

ఈ గోలలో సుందర్ రాజ్ వేదిక అంచున కూర్చుని పుస్తకం చదువుతున్నాడు. నలభయ్యో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లేచి కామరాజు చేతులు పట్టుకున్నాడు.

"ఒక్క ప్రశ్న అడక్కుండా నా గుండెలో ఉన్నదంతా ఎలా రాశారండీ! ఆ పస్తులు... ఆ తాగుడు... మా అమ్మ కన్నీళ్ళు..."

మూడో వరసలో ఆయన తల్లి ఆరోగ్యమ్మ లేచింది. "ఏరా, మనం ఎప్పుడు పస్తున్నాంరా? రోజూ రెండు కూరలు వొండి పెట్టాను కదరా!"

(ఆమెకు మైకు అందలేదు. ఫారంలో తల్లి కన్నీళ్ళకు గడి ఉంది గాని, మాటలకు లేదు.)

సంఘం వేదిక మీదే సమావేశమై, పుస్తకాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, కామరాజును పర్మినెంటు చేసింది. జరిగిన పొరపాటును అధ్యక్షులు సభకు వివరించి క్షమాపణ చెప్పారు. మర్నాడే ప్రతి పుస్తకానికీ వెనక తప్పొప్పుల పట్టిక అంటించారు. అందులో ఉన్నది ఒకటే తప్పు: "ఎల్లాజీ అని ఉన్న చోటల్లా సుందర్ రాజ్ అని చదువుకోవలెను."