పగలని గొట్టం

ఒక పెద్ద అడవిలో, ఏడాదికి నాలుగు నెలలు మంచు కురిసే కొండవాలున, ఇంటింటికీ నీటి గొట్టాలు వేసినవాడు సోములు అనే నీటికుక్క. వేసేదీ తనే, బాగుచేసేదీ తనే, ఎక్కడ చుక్క కారినా తిట్లు తినేదీ తనే.

కిందటి చలికాలం నాలుగిళ్ళ గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు నిలువునా చీలాయి. అందుకని ఈసారి మంచు పడకముందే సోములు పంచాయతీకి వెళ్ళాడు. గొట్టాలకు ఉన్ని చుట్టాలనీ, చలి మరీ ముదిరితే కుళాయిలు సన్నధారగా వదిలెయ్యాలనీ, కదిలే నీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవనీ చెప్పాడు.

అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్యగారు ఆవలిస్తూ విన్నారు. చలికాలమంతా నిద్రపోయే మనిషి ఆయన. తొందరగా తేల్చెయ్యాలని గొట్టాల రక్షణ సంఘం వేసి, నక్కను కార్యదర్శిని చేశారు. కొండగొర్రెలు ఉన్ని ఇచ్చాయి. ఒక ముసలి గొర్రె అయితే వణుకుతూనే వీపంతా గొరిగించుకుంది.

సంఘం అన్నాక ప్రారంభసభ ఉండాలి. సభ అన్నాక సన్మానం, సన్మానం అన్నాక శాలువా. ఉన్ని అంతా శాలువాలైపోయింది. భద్రయ్యగారికే మూడు కప్పారు. గొట్టాలకేం మిగిలిందని సోములు అడిగాడు.

"ముందు సంఘం వెచ్చగా ఉండాలి సోములూ," అంది నక్క. "గొట్టాల గురించి ఆలోచించాల్సింది అదే కదా."

పైగా కుళాయి వదిలెయ్యడం నీటి వృథా అని నిషేధం కూడా పెట్టారు.

సోములు ఇంటికెళ్ళి తన గొట్టానికి ఎండుగడ్డీ నాచూ దట్టంగా చుట్టి, కుళాయి సన్నగా వదిలాడు. పక్కింటి కుందేలుకూ చెప్పి చూశాడు. అది నిషేధం కాగితం చూపించి తలుపేసుకుంది.

పుష్యమాసంలో మూడు రోజులు ఆగకుండా మంచు కురిసింది. సోములుది తప్ప గొట్టాలన్నీ చీలాయి కానీ, లోపల గడ్డ ఉన్నంతసేపూ ఎవరికీ తెలియలేదు. నాలుగో రోజు ఎండ కాసి గడ్డ కరగగానే ఇంటింటా వరదే. మూడు శాలువాలు కప్పుకుని గుర్రుపెడుతున్న భద్రయ్యగారు ముక్కులోకి నీళ్ళెక్కాక గానీ లేవలేదు.

మధ్యాహ్నానికి అడవంతా కుండలు పట్టుకుని సోములు కుళాయి ముందు వరుస కట్టింది. సోములు ముసలి గొర్రెకు ముందు పట్టించి, తర్వాత ఎవరినీ కాదనలేదు. ఇప్పటికైనా తన మాట వింటారని లోలోపల పొంగిపోయాడు.

సాయంత్రం నక్క ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో కుండ పట్టుకుని వచ్చింది. అధ్యక్షులవారు చాలా కోపంగా ఉన్నారని చెప్పి కాగితం చదివింది.

"అందరి గొట్టాలూ పగిలాయి. నీదొక్కటే ఎందుకు పగల్లేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి."

సోములు గడ్డి చుట్టానని, కుళాయి సన్నగా వదిలానని మెల్లగా చెప్పాడు.

"అంటే తెలిసే నిషేధం మీరావన్నమాట. ఒప్పుకున్నట్టు రాసుకుంటున్నాను," అని నక్క తన కుండ కుళాయి కింద పెట్టింది.

నీతి: అడవిలో అందరి గొట్టాలూ పగిలినప్పుడు, మనది కూడా కాస్త పగలగొట్టుకోవడం క్షేమం.