ఏడవడానికి ఒక దీవి

ఆ ఆదివారం పొద్దున శ్రీనివాసులు వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లుడు వినయ్ కొత్తగా నడపడం నేర్చిన తెరచాప పడవలో చెరువు మధ్యనున్న దీవికి వెళ్ళి, కరువుతీరా ఏడ్చి రావాలి.

భార్య కమలమ్మ పోయి ఏడాది కావస్తున్నా పాపం ఆయనకు ఏడవడానికి చోటు దొరకలేదు. బళేపేటలోని తన తాళ్ళ అంగడిలో ఎప్పుడూ గిరాకీ. ఇంట్లో కూతురు కావ్య బెంగపెట్టుకుంటుందని గొంతు పెగలనివ్వడు. బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు కనుక కావ్య అడగలేదు. ఆయన ఫోన్ కూడా ఇంట్లోనే వదిలేశాడు.

దీవి వెనక, రెల్లు మధ్య చిన్న రేవు. కొంగలు తప్ప మనిషి అలికిడి లేదు.

"మామయ్యా, బోట్ మీరే కట్టండి. రోప్స్‌లో మీరు ఎక్స్‌పర్ట్ కదా!"

"అది నాకు చెప్పాలనా అప్పా?" అంటూ ఆయన పడవ తాడును ఒక మొద్దుకు ముడి వేశాడు. అంగడిలో ప్రతి పొట్లానికీ వేసే ముడే అది. కొన్నవాళ్ళు కొస పట్టి లాగితే చాలు, ఊడిపోతుంది. చెయ్యి తన అలవాటు ప్రకారం వేసింది, ఆయన చూసుకోనేలేదు.

బురదకు భయపడి ఇద్దరూ చెప్పులు పడవలోనే వదిలి దిగారు. వినయ్ ఫోనూ అక్కడే ఉండిపోయింది. "నువ్వు ఈడనే ఉండప్పా, నేను అట్ల పోయొస్తా" అని శ్రీనివాసులు పొదల అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. బస్సులో ఈ చెరువు పక్కగా పోయినప్పుడల్లా కమలమ్మ "ఒగ దినం ఆ దిబ్బ మీదికి పోదామా?" అనేది. అంగడి ఎవరు చూస్తారని ఆయన కసురుకునేవాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకున్నాడు. ఇన్నాళ్ళకు కంట్లో నీరు తిరిగింది.

"మామయ్యా! బోట్ వెళ్ళిపోతోంది!"

తిరిగిన నీరు వెనక్కి పోయింది. పడవ గాలివాటున హాయిగా సాగిపోతోంది. ఈదుదామంటే, ఆ చెరువు నీళ్ళ రంగు చూశాక ఇద్దరికీ దిగబుద్ధి కాలేదు.

అవతలి గట్టున పడవల కాపలాదారు నాగరాజ్‌కు రెండు జతల చెప్పులు, మోగుతున్న ఫోన్ దొరికాయి. ఫోన్‌లో కావ్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "బోట్ ఖాళీగా వచ్చిండాదమ్మా. చెప్పులు మాత్రం ఉండాయి."

ఆమె గావుకేక పెట్టి బొమ్మనహళ్ళిలోని పెదనాన్న పద్మనాభానికి చెప్పింది. ట్రాఫిక్‌లో మళ్ళీ పూల కోసం వెనక్కి తిరగడం కుదరదని ఆయన చెరువుకు వచ్చే దారిలోనే పూలదండ కొనేశాడు.

మధ్యాహ్నానికి నాగరాజ్ కావ్యనూ పద్మనాభాన్నీ ఇంకో పడవలో వెంటబెట్టుకుని, వెతుకుతూ వెతుకుతూ దీవి వెనక్కి వచ్చాడు. తండ్రిని చూడగానే కావ్య బురదలోకి దూకి, ఆయన్ను వాటేసుకుని బావురుమంది. ఆమెను చూసి వినయ్ వెక్కిళ్ళు పెట్టాడు. "ఉండావా చిన్నోడా!" అంటూ పద్మనాభం దండ ఎక్కడ దాచాలో తెలియక దానితోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏ సంబంధమూ లేని నాగరాజ్ కూడా మొహం తిప్పుకుని ముక్కు చీదాడు.

"ఊరుకోమ్మా, నాకేమాయె? బాగానే ఉండా కదా!" అని శ్రీనివాసులు ఒక్కొక్కరి వీపూ నిమిరాడు. నిమురుతూ ఉంటే ఆయన కంట్లోనూ మళ్ళీ నీరు తిరిగింది. అది గమనించి కావ్య ఆయన చేతులు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు మాత్రం ఏడ్సొద్దు నాయనా, నేను తట్టుకోలేను."

ఆ రోజు ఆ దీవి మీద ఏడవనిది ఆయనొక్కడే.