దుమ్ముకు దక్కిన గౌరవం

విశాఖపట్నం పాత పట్టణంలో, రేవుకు ఆనుకుని ఉన్న మూడు వీధులను చారిత్రక ప్రాంతంగా ప్రకటించడమైనది. ఈ సంగతి ఊరంతటికీ తెలిశాక ఆ వీధుల్లో కాపురం ఉంటున్నవాళ్లకు కూడా తెలిసింది. ఇంతకాలం ఇరుకు సందుల్లో ఉంటున్నామనుకున్నవాళ్లు, తాము ఉంటున్నది చరిత్రలోనని విని, నీళ్ల బిందెలు కింద పెట్టి కాసేపు గర్వపడ్డారు.

ఇకమీదట ఆ వీధుల్లో ఎవరు మేకు కొట్టాలన్నా, సున్నం వేయాలన్నా, పెంకు మార్చాలన్నా ప్రాచీన వీధుల రూపరక్షణ సంఘం అనుమతి ఉండాలి. సంఘం చాలా కఠినమైనది. వీధి మొదట్లో ఉన్న పాత మేడను పడగొట్టి ఏడంతస్తుల లాడ్జి కట్టుకుంటానని ఒక పెద్దమనిషి అడిగితే, చరిత్రకు భంగం కలిగితే సహించేది లేదని ముఖం మీదే చెప్పింది. ఆయన దిగివచ్చి, లాడ్జి నెత్తిన నీళ్ల ట్యాంకును లైట్‌హౌస్ ఆకారంలో కట్టిస్తానని ఒప్పుకున్నాడు. చరిత్ర నిలబడింది. మేడ ఒక్కటే పడిపోయింది.

దీవెనమ్మ కోరిక అంత పెద్దది కాదు. ముందు గది కిటికీకి ఆమెకు అద్దాల తలుపులు కావాలి. ఇప్పుడున్నవి పాతకాలపు చెక్క రెక్కలు. వాటి సందుల్లోంచి రేవు వైపు గాలి వస్తుంది. గాలితో పాటు బొగ్గు పొడి, ఎర్రటి ఖనిజం పొడి వస్తాయి. ఆమె భర్త శుభాకర్ రేవులో క్రేను నడిపి నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడాయన మంచం దిగి గుమ్మం దాకా వచ్చాడంటే, ఆ గుమ్మం పట్టుకుని ఊపిరి అందేదాకా నిలబడాల్సిందే. మందులు తాను రాస్తాననీ, దుమ్ము సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలనీ డాక్టరు చెప్పేశాడు. ఆ ఇంట్లో మంచం పట్టే గది మరొకటి లేదు.

దుమ్ము గురించి ఆ వీధివాళ్లు ఇదివరకు అర్జీలు పెట్టకపోలేదు. గాలి తమ పరిధిలోకి రాదని ఒక ఆఫీసు చెప్పింది. దుమ్ము రేవులోని ఏ గుట్ట మీంచి లేచిందో తేలేదాకా దాన్ని దుమ్ముగా గుర్తించలేమని ఇంకో ఆఫీసు చెప్పింది. అలా ఆ దుమ్ము దిక్కూ మొక్కూ లేనిదై, ఇంటింటికీ వచ్చి తలదాచుకునేది.

దీవెనమ్మ కిటికీ కోసం సంఘానికి అర్జీ పెట్టుకుంది. డిసెంబరులో, సంఘం స్వయంగా వచ్చి ఇంటిని పరిశీలిస్తుందని కబురొచ్చింది. ఏటా క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం వేయించడం వాళ్ల అలవాటు. ఈసారి అనుమతి లేక మానుకున్నారు. కానీ అంత పెద్దవాళ్లు ఇంటికి వస్తుంటే గోడ మురికిగా ఉండటం ఆమె మనసుకు నచ్చలేదు. బకెట్టు, పీచు తీసుకుని, చెయ్యి అందినంత మేర ముందు గోడ రుద్ది కడిగింది. కింద సగం లేత పసుపు బయటపడింది. మీద సగం ఎప్పటిలాగే ఎరుపూ నలుపూ కలిసిన రంగులో ఉండిపోయింది.

యారాడ నుంచి చేపలు తెచ్చి అమ్మే గంగాలమ్మ, తట్ట దించి గోడను ఎగాదిగా చూసింది.

"ఏటప్పా ఇది? గోడకి సగానికే తానం సేయించినావు. మీద సగం ఏం పాపం సేసింది?"

"సేతికందినంత కడిగినాను గంగాలూ. పెద్దోళ్లు వత్తన్నారు కదా."

"పెద్దోళ్లొత్తే కోనాం సేప వండాల గానీ, గోడ కడుగుతారేటి? నీ గోడ నాకుతారేటి ఆళ్లు?"

మంచం మీద శుభాకర్‌కు నవ్వొచ్చింది. నవ్వు వెంటనే దగ్గయింది. దీవెనమ్మ బకెట్టు వదిలి లోపలికి పరుగెత్తింది.

సంఘం వచ్చింది. అధ్యక్షులు నరసింహమూర్తి గారు సముద్రం కనిపించే ఆరో అంతస్తు ఫ్లాట్‌లో, చుట్టూ అద్దాల మధ్య కూర్చుని పాత ఇళ్ల మీద వ్యాసాలు రాస్తుంటారు. రంగుల నిపుణురాలు అనూరాధ గారు గోడ మీద సగం అంచును వేలితో తాకి, వేలు చూసుకుని, షేడ్ కార్డు తెరిచారు. ఆ రంగు ఏ కంపెనీ కార్డులోనూ లేదని తేల్చారు. అందుచేత అది అత్యంత అరుదైనదని కూడా తేలింది. అప్పటికప్పుడు దానికి ఓల్డ్ హార్బర్ బ్రౌన్ అని పేరు పెట్టారు.

"అది రంగు కాదండీ, దుమ్మండీ," అంది దీవెనమ్మ.

నరసింహమూర్తి గారు జాలిగా నవ్వారు. "అమ్మా, మీలాంటివాళ్లు దాన్ని దుమ్మంటారు. కాలం ఈ పట్టణపు నుదుటి మీద దిద్దిన తిలకం అని మేమంటాం. తరతరాల శ్రమ, వాణిజ్యం, సముద్రగాలి కలిసి వేసిన పూత ఇది! దీన్ని మీరు పీచుతో రుద్దారా?"

దీవెనమ్మ గుమ్మం పక్కనున్న బకెట్టును కాలితో వెనక్కి జరిపింది.

సంఘం తీర్మానం వారం తిరక్కుండా వచ్చింది. మూడు వీధుల్లో ఏ ఇంటి గోడనూ కడగరాదు. దీవెనమ్మ ఇంటి గోడ పూర్వపు రంగుకు వచ్చేదాకా కిటికీ అర్జీని పక్కన పెట్టడమైనది. ఎవరూ తమది కాదన్న దుమ్మును, బాధ్యత గల ఒక సంస్థ ఇన్నాళ్లకు తనదని చేరదీసింది. వీధివాళ్లు సంతోషించాలో వద్దో తెలియక ఊరుకున్నారు.

దుమ్ము కూడా ఆ గౌరవాన్ని నిలబెట్టుకుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు సగం గడిచేసరికి గోడ కింద సగం మీద సగంతో కలిసిపోయింది. లోపల శుభాకర్ పడుకుంటే ఊపిరాడక, పగలంతా కిటికీ పక్కన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. గోడ కోలుకున్నందుకు సంఘం అభినందనలు తెలిపి, అద్దాలకు అనుమతి ఇచ్చింది. మట్టల ఆదివారం ముందురోజు వడ్రంగి వచ్చి బిగించి వెళ్లాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు కిటికీ మూసి ఉంది. శుభాకర్ ఒకసారి గుమ్మం దాకా నడిచి, ఆగకుండా వీధిలోకి కూడా దిగాడు. గంగాలమ్మ చూసి, "ఏటి బావా, పెళ్లికొడుకునాగున్నావు!" అంది. ఆ రోజు దీవెనమ్మ పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో సంఘం అద్దాలను పరిశీలించడానికి వచ్చింది. వస్తూనే నరసింహమూర్తి గారు నిర్ఘాంతపోయారు.

"కిటికీ మూశారేమిటి? ఈ వీధి పాత ఫొటోలో ఈ కిటికీ తెరిచి ఉందమ్మా! అద్దాలు పెట్టుకోండి, మేం వద్దనలేదు. మేం అభివృద్ధికి వ్యతిరేకులం కాము. కానీ పగటిపూట మూయకూడదు. మూస్తే వీధి చారిత్రక ముఖకవళికలే మారిపోతాయి."

"ఆయనకి ఊపిరాడదండీ."

"చరిత్రకు ఊపిరాడాలి కదమ్మా," అన్నారాయన. ఆ మాట తనకే ఎంతో బాగా అనిపించి, రాసుకోమని అనూరాధ గారికి చెప్పారు.

కిటికీ తెరిచారు. దీవెనమ్మ టీ తెచ్చింది. రెండు గుక్కలు తాగాక నరసింహమూర్తి గారు కప్పులోకి తొంగిచూశారు. టీ మీద నల్లగా ఏదో తేలుతోంది.

"కాస్త ఆ కిటికీ మూయమ్మా."

"మూయకూడదన్నారు కదండీ."

"ఆ షరతు నివసించేవాళ్లకు. పరిశీలకులకు కాదు."

కిటికీ మూశారు. గదిలో గాలి కుదుటపడింది. శుభాకర్ దగ్గు మెల్లమెల్లగా సద్దుమణిగింది. ఆయన కళ్లు మూసుకుని నాలుగు ఊపిర్లు తీరిగ్గా తీసుకుని, భార్యను దగ్గరకు పిలిచి గుసగుసగా అన్నాడు.

"దీవెనా, ఆళ్లకి ఇంకో కప్పు టీ పొయ్యి."

ఆమె పోసింది. తర్వాత బిస్కెట్లు పెట్టింది. పొరుగింట్లో అడిగి అరటిపళ్లు కూడా తెచ్చింది. ఇంత సంస్కారవంతమైన కుటుంబాన్ని ఇంతవరకు చూడలేదని సంఘం మెచ్చుకుంది. ఎంత మర్యాద చేసినా చివరికి లేచింది. వెళ్తూ వెళ్తూ అధ్యక్షుల వారు తమ చేత్తోనే కిటికీ బార్లా తెరిచి వెళ్లారు.

ఇప్పుడు ఆదివారాలు ఆ వీధిలో చరిత్ర నడక జరుగుతోంది. దూరపు కాలనీల నుంచి చదువుకున్నవాళ్లు మాస్కులు కట్టుకుని వచ్చి, గోడ ముందు నిలబడి, ఫొటో కోసం మాస్కు తీసి, మళ్లీ కట్టుకుంటారు. పోయిన వారం ఒకమ్మాయి కిటికీని ఫొటో తీసింది. ఎర్రనల్లని గోడ, తెరిచిన అద్దాలు, మధ్యలో నోరు బాగా తెరిచిన తెల్లజుట్టు పెద్దాయన. మనసారా నవ్వడం ఈ పాత వీధుల మనుషులకే తెలుసని దాని కింద రాసింది.

ఆయన వీపు నిమురుతున్న దీవెనమ్మ చెయ్యి ఆ ఫొటోలో పడలేదు. ఆయన అప్పుడు నవ్వడం లేదు.

ఆ ఫొటో ఊరంతా తిరిగింది. మీ ఫోనుకూ వచ్చింది. మీరు దాని కింద గుండె బొమ్మ కూడా పెట్టారు.